పరిశీలకుడు ఎక్కిన పడవ, ఎక్కని పడవ: సముద్రంలో పారబోసిన చేపను లెక్కకట్టేదెలా?

కొత్తకెరటం (సోమవారం, ఉదయం 9:10)

అందరికీ నమస్కారం. మత్స్యశాస్త్రం కోర్సులో అభ్యాసం కోసం ఒక డేటా ఇచ్చారు. ట్రాల్ వలలు (పడవ వెనక లాగే సంచి వలలు) వాడే పడవలు ఒక సీజన్‌లో 400 వేటలకు వెళ్లాయి (రేవు వదిలి తిరిగొచ్చేదాకా ఒక వేట). వాటిలో 40 వేటలకు పట్టుబడినీ పారబోతనూ నమోదు చేసే పరిశీలకులు పడవ ఎక్కారు. ఆ 40 వేటల్లో పడవలు ఉంచుకున్న చేప 80 టన్నులు. ఒక రకం చేపను మాత్రం 6 టన్నులు తిరిగి సముద్రంలో పారబోశారు. రేవు తూకం రసీదుల ప్రకారం 400 వేటల్లో ఒడ్డుకు చేరిన చేప 1,000 టన్నులు. ఆ రకం సీజన్ మొత్తంలో ఎంత పారబోశారో అంచనా వేయాలి.

వేటకు సగటున 0.15 టన్నులు కాబట్టి 400 వేటలకు 60 టన్నులు. ఉంచుకున్న ప్రతి టన్నుకు 0.075 టన్నులు కాబట్టి 1,000 టన్నులకు 75 టన్నులు. ఒకే డేటాకు రెండు జవాబులు. నిష్పత్తి పద్ధతి వాడమని నోట్సులో ఉంది, కారణం మాత్రం లేదు. దేన్ని నమ్మాలి?

అంకెలబుట్ట (సోమవారం, ఉదయం 10:02)

నోట్సులో చెప్పని కారణం ఇది. ఒక వేటలో పట్టుబడి పెరిగితే పారబోతా పెరిగేటట్లయితే, పట్టుబడిని ఆధారం చేసుకున్న అంచనాలో ఊగిసలాట తగ్గుతుంది. పైగా ఒడ్డుకు చేరిన చేప బరువు ప్రతి పడవకూ తెలుసు. పారబోత బరువు పరిశీలకుడున్న చోట మాత్రమే తెలుసు. తెలిసినదాని సాయంతో తెలియనిదాన్ని లాగుతున్నాం. నిష్పత్తి కట్టేటప్పుడు మొత్తాన్ని మొత్తంతో భాగించండి, ఒక్కో వేట నిష్పత్తి తీసి వాటికి సగటు కట్టవద్దు. 50 కిలోలు ఉంచుకుని 200 కిలోలు పారబోసిన చిన్న వేట నిష్పత్తి 4. అలాంటివి రెండు మూడుంటే చాలు, సగటు ఎటో వెళ్లిపోతుంది.

అయితే మీ డేటాలో ఇంతకన్నా ఆసక్తికరమైన విషయం ఉంది. పరిశీలకుడున్న వేటల సగటు పట్టుబడి 2 టన్నులు. మిగిలిన 360 వేటల సగటు దాదాపు 2.56. మీ రెండు జవాబుల మధ్య 15 టన్నుల తేడా పుట్టింది అక్కడే. పరిశీలకుడున్న వేటలూ లేని వేటలూ ఒకలాంటివి కావని డేటాయే చెబుతోంది. ఎందుకు కావో తెలుసుకోకుండా 60 అన్నా 75 అన్నా గుడ్డి దెబ్బే.

చదువరి (సోమవారం, ఉదయం 11:30)

ఈ రంగానికి కొత్తవాడిని. అసలు పట్టిన చేపను ఎందుకు పారబోస్తారు? రేవులో తూచేస్తే సరిపోదా?

అంకెలబుట్ట (సోమవారం, ఉదయం 11:48)

చేప చిన్నదై చట్టం ఒప్పుకోకపోవచ్చు. కోటా (పట్టేందుకు అనుమతించిన పరిమితి) అయిపోయి ఉండవచ్చు. ధర పలకని రకం కావచ్చు. నలిగిపోయి ఉండవచ్చు. రేవు తూకానికి ఒడ్డుకు చేరిందే కనిపిస్తుంది. సముద్రంలో ఎన్ని చేపలు మిగిలాయో అంచనా కట్టడానికి మాత్రం చచ్చిన ప్రతి చేపా లెక్కలోకి రావాలి.

ఇదేమీ చిల్లర బరువు కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2019లో వెలువరించిన అంచనాలో సముద్రవేటలో ఏటా 91 లక్షల టన్నులు పారబోస్తున్నారని తేలింది. పట్టుబడిలో అది 10.8 శాతం. దాదాపు సగానికి మూలం అడుగు ట్రాల్ వలలే. అదే సంస్థ 1994 అంచనా 2 కోట్ల 70 లక్షల టన్నులు, 2005 అంచనా 73 లక్షల టన్నులు. ఈ మూడింటినీ వరుసగా పెట్టి గీత గీసి 'పడిపోయింది, మళ్లీ పెరిగింది' అనేవారు తరచూ కనిపిస్తారు. మొదటి అంచనాకూ తరువాతి రెండింటికీ లెక్కకట్టిన తీరే వేరు, అలా గీత గీయకూడదు.

ఉప్పునీరు (సోమవారం, మధ్యాహ్నం 2:15)

చల్లని సముద్రాల్లో ట్రాలర్ల మీద పరిశీలకుడిగా చాలాకాలం పని చేశాను. మీ పట్టికలో '6 టన్నులు' అని బుద్ధిగా కూర్చున్న అంకె డెక్కు మీద ఎలా పుడుతుందో చెబుతాను.

వల సంచి పైకి వస్తుంది. టన్నుల కొద్దీ చేపను అక్కడ తూచేదెవరు? సంచి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి ఘనపరిమాణం కడతాం. లేదా తొట్టిలో పోశాక ఎంత ఎత్తు వచ్చిందో చూస్తాం. కొలత తెలిసిన గంపను నింపి, తూచి, సాంద్రత తీసి గుణిస్తాం. పెద్ద ఫ్యాక్టరీ ఓడల్లో బెల్టు కిందే తూకం ఉంటుంది, అక్కడ ఈ తిప్పలు లేవు. మొత్తం బరువు తేలాక ఏ రకం ఎంతో తేల్చడానికి గంపలతో నమూనా తీస్తాం.

అసలు చిక్కు ఆ గంప దగ్గరే. తొట్టిలో చేప సమంగా కలిసి ఉండదు. సాయం చేద్దామనుకునే కళాసీ తన కాళ్ల దగ్గరున్న చేపను గంపలోకి తోసేస్తాడు. మనసు మంచిదే, నమూనా చెడిపోతుంది. యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలో వచ్చిన నిమిషం దగ్గర మొదలుపెట్టి, సమాన వ్యవధుల్లో బెల్టు చివర గంప పెట్టాలి. అందులో ఏది పడితే అదే నమూనా. సగం లోపల, సగం బయట వేలాడుతున్న టేకు చేపను తీసి పక్కన పడేయాలని చేయి లాగుతుంది. తీయకూడదు. ఒక్కో గంప వంద గంపలకు ప్రతినిధి అయినప్పుడు ఆ ఒక్క చేప కాగితం మీద వంద చేపలవుతుంది. అందుకే పెద్ద సొరలు, తాబేళ్లు లాంటి అరుదైనవాటిని గంపతో అంచనా కట్టరు. వల మొత్తంలో ఒక్కొక్కటిగా లెక్కపెడతారు.

ఇక తూకం. పడవ ఊగుతుంటే స్ప్రింగు త్రాసు ముల్లు నిలవదు. అటూ ఇటూ ఊగే ముల్లుకు నడిమి చోటు చూసి రాసుకోవాలి. ఊగుడును తనే సరిదిద్దుకునే త్రాసులు ఉన్నాయి, అన్ని పడవల్లో ఉండవు. రాత్రింబవళ్లు వల వేస్తూనే ఉంటే ఏ వలకు లేవాలి, ఏ వలకు పడుకోవాలి అన్నది కూడా పట్టికే చెప్పాలి. నిద్ర చెప్పిందా, పగటి వలలే లెక్కకెక్కుతాయి. పగలు పడే రకాలు వేరు, రాత్రి పడే రకాలు వేరు.

కొత్తకెరటం (సోమవారం, మధ్యాహ్నం 3:40)

ఉప్పునీరు గారూ, ఇది ఏ పాఠంలోనూ లేదు. ధన్యవాదాలు. అంటే ఈ అంచనాలో గంప, వల (ఒకసారి వేసి లాగినది), వేట అని మూడు అంతస్తులు ఉన్నట్లే కదా. పొరపాట్లు దేనిలో ఎక్కువ?

అంకెలబుట్ట (సోమవారం, సాయంత్రం 4:05)

చాలాచోట్ల అతి పెద్ద తేడా వేటకూ వేటకూ మధ్యే ఉంటుంది. ఒకే వేటలోని వలలు ఒకే సారంగు (పడవ నడిపే నాయకుడు) చేతిలో, ఒకే నీళ్లలో, ఒకే వారంలో పడినవి. అవి ఒకదానికొకటి చుట్టాలు. నాలుగు వేటల్లో వందేసి వలలు చూడటం కన్నా నలభై వేటల్లో పదేసి వలలు చూడటం మేలు. బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటా నుంచే మళ్లీ మళ్లీ నమూనాలు ఎంచి అంచనా హద్దులు కట్టే పద్ధతి) చేసేటప్పుడు కూడా వేటలను తిరిగి ఎంచండి. వలలను విడివిడిగా ఎంచితే అంచనా హద్దులు ఉత్తపుణ్యానికి ఇరుకై, లేని నమ్మకం పుట్టుకొస్తుంది.

చుక్కాని (సోమవారం, రాత్రి 8:20)

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. పడవ నడిపేవాడి మాట కూడా వినండి. పరిశీలకుడికి ఒక పడక కావాలి, ప్రాణరక్షక తెప్పలో ఒక చోటు కావాలి, బీమా కావాలి. చిన్న పడవలో ఆ పడక ఇవ్వాలంటే ఒక కళాసీ దిగిపోవాలి. పైగా చాలాచోట్ల ఆ జీతం కూడా మేమే కట్టాలంటారు.

అమెరికాలో అట్లాంటిక్ హెర్రింగ్ పడవల వాళ్లు ఈ ఖర్చు మీదే కోర్టుకు వెళ్లారు. రోజుకు 710 డాలర్ల దాకా పడుతుందని అంచనా. చివరకు 2024 జూన్‌లో వాళ్ల సుప్రీంకోర్టు, చట్టంలో అస్పష్టత ఉంటే ప్రభుత్వ శాఖ చెప్పిన అర్థాన్నే కోర్టులు మన్నించాలన్న నలభై ఏళ్ల సూత్రాన్ని ఆ కేసులోనే కొట్టేసింది. మీరు గంపలు, నిష్పత్తులు అంటున్నారు. ఆ గంప పట్టుకున్న మనిషికి కూలి ఎవరివ్వాలన్న తగవు ఒక దేశ పాలనాన్యాయాన్నే తలకిందులు చేసింది.

అంకెలబుట్ట (సోమవారం, రాత్రి 8:41)

ఒక సవరణ. ఆ ఖర్చు పడవలు భరించాలా వద్దా అన్నది కోర్టు తేల్చలేదు. సూత్రాన్ని కొట్టేసి కేసును కింది కోర్టుకు పంపింది.

చుక్కాని (సోమవారం, రాత్రి 8:50)

సవరణ సరే. పడక సంగతి తేలలేదు.

దుర్భిణి (మంగళవారం, ఉదయం 7:30)

పడక గొడవకు మందు కెమెరా. కెనడా పశ్చిమ తీరంలో బ్రిటిష్ కొలంబియా ట్రాలర్లకు 1996లో ప్రతి వేటకూ పరిశీలకుడు తప్పనిసరి చేశారు. గాలాలతో వేటాడే పడవల వంతు 2006లో వచ్చింది. అప్పుడు వేరే దారి పట్టారు. ప్రతి వేటలోనూ కెమెరా నడుస్తుంది, వీడియో మాత్రం పదో వంతే చూస్తారు. అది సారంగు రాసిన లాగ్‌బుక్‌తో సరిపోయిందా, లాగ్‌బుక్కే లెక్క. సరిపోలేదా, మిగతాదీ చూస్తారు, ఆ ఖర్చు పడవ యజమానిదే. ఏ పదో వంతు చూస్తారో ముందు తెలియదు కాబట్టి అంతా నిజాయితీగా రాయక తప్పదు. ఈ ఏర్పాటులోని తెలివికి నేను ముగ్ధుణ్ణి.

ఉప్పునీరు (మంగళవారం, ఉదయం 9:05)

తెలివైనదే. గాలాలకు అది బాగా కుదురుతుంది కూడా, చేపలు ఒక్కొక్కటిగా పైకి వస్తాయి కాబట్టి. టన్నుల చేప ఒక్కసారిగా తొట్టిలో పడే ట్రాల్ మీద కెమెరాకు పైపొర కనిపిస్తుంది, అంతే. కెమెరా చేప తల కోసి చెవిరాయి తీయలేదు. ఆ రాయి మీది వలయాలు లేకపోతే వయసు తెలియదు, వయసు తెలియకపోతే నిల్వల లెక్కే సాగదు. చేప పొట్ట కోసి ఆడో మగో చూడటమూ దానివల్ల కాదు.

పారబోసిన చేప బతికిందా, చచ్చిందా అన్న ప్రశ్న కూడా ఉంది. అలాస్కాలో హాలిబట్ అనే బల్లపరుపు చేపను నీళ్లలోకి వదిలే ముందు పరిశీలకులు గాయాలు, మొప్పల రంగు, కదలిక చూసి స్థితి రాస్తారు. పారబోతలో ఎంత భాగాన్ని మరణాల కింద జమకట్టాలన్నది దాని మీద ఆధారపడుతుంది. చేప మీద చేయి వేయకుండా ఆ పని జరగదు.

చదువరి (మంగళవారం, ఉదయం 10:20)

ఇంత శ్రమెందుకు? పారబోయడాన్నే నిషేధిస్తే పోలేదా? ఉన్నదంతా రేవుకు తెస్తారు, తూస్తారు.

ఉప్పునీరు (మంగళవారం, ఉదయం 10:55)

నిషేధించారు. నార్వే కాడ్, హాడక్ చేపల విషయంలో 1987లోనే నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2015 నుంచి 2019 దాకా దశలవారీగా, మినహాయింపులు ఇస్తూ అమలుచేసింది. నిషేధం వచ్చాక పరిశీలకుడి పరిస్థితి ఏమవుతుందో ఊహించండి. నిన్నటిదాకా గంపలో చేప లెక్కపెట్టుకునే మనిషి. ఈ రోజు అతని పుస్తకంలో ప్రతి అంకె ఒక నేరానికి సాక్ష్యం. పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు అటు తిరిగితే ఒకలా, ఇటు తిరిగితే ఒకలా ఉంటుంది చూడండి, అదే ఇక్కడా. విజ్ఞానం కోసం ఎక్కేవాణ్ణీ పట్టుకోవడానికి ఎక్కేవాణ్ణీ ఒకే మనిషిని చేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఒడ్డుకు వందల మైళ్ల దూరంలో, అందరికీ నచ్చని ఒకే ఒక మనిషిగా ఉండటం ఎలా ఉంటుందో ఆఫీసులో కూర్చున్నవారికి తెలియదు. వేటకు వెళ్లి తిరిగి రాని పరిశీలకులు ఉన్నారు.

చుక్కాని (మంగళవారం, ఉదయం 11:15)

మాలో అందరూ దొంగలైనట్లు మాట్లాడుతున్నారు.

ఉప్పునీరు (మంగళవారం, ఉదయం 11:22)

అలా అనలేదు, చుక్కాని గారూ. నాకు దుప్పటి ఇచ్చి, మందులిచ్చి ఇంటిమనిషిలా చూసుకున్న సారంగులే ఎక్కువ.

నిర్వాహకులు (మంగళవారం, ఉదయం 11:40)

చర్చ బాగుంది, ఇలాగే నడవనివ్వండి. మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం.

అంకెలబుట్ట (మంగళవారం, మధ్యాహ్నం 12:30)

వస్తున్నాను. దొంగతనం లేకపోయినా నమూనా చెడుతుంది, అలాస్కా అనుభవమే ఉదాహరణ. అక్కడ 2013కు ముందు 125 అడుగులు దాటిన పడవలకు ఎప్పుడూ పరిశీలకుడు ఉండాలి. 60 నుంచి 125 అడుగుల పడవలకు 30 శాతం రోజులు చాలు, ఏ వేటకు ఎక్కించుకోవాలో పడవవారి ఇష్టం. 60 అడుగుల లోపు పడవలకు అసలు లేదు. ఎవరైనా ఏం చేస్తారు? దగ్గరి చోటుకు, తక్కువ రోజుల వేటకు వెళ్లేటప్పుడు ఎక్కించుకుని వాటా పూర్తిచేస్తారు. నియమం ఎక్కడా మీరలేదు, 30 శాతం నిండింది, నమూనా పనికిరాదు. 2013లో ఆ ఇష్టాన్ని తీసేశారు. పాక్షిక పరిశీలన వర్గంలోని పడవలు వేటను ముందే నమోదు చేయాలి, లాటరీలో తగిలితే పరిశీలకుడు వస్తాడు. తగిలిందని వేట రద్దుచేసుకుంటే తరువాతి వేటకు వస్తాడు.

ఎంత శాతం వేటలు చూశారన్నది అందరూ మొదట అడిగే ప్రశ్న. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. వేటల సంఖ్య పెంచితే ఊగిసలాట తగ్గుతుంది, ఒకవైపు మొగ్గు మాత్రం తగ్గదు. లాటరీతో ఎంచిన 10 శాతం, ఇష్టంతో ఎంచిన 30 శాతం కన్నా నయం.

అరుదైనవాటికి మాత్రం శాతం కూడా ముఖ్యమే. మీ 40 వేటల్లో ఒక్క తాబేలూ పడలేదనుకోండి. నివేదికలో '0' అని రాయాలనిపిస్తుంది. 40లో ఏమీ కనిపించకపోతే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే పై హద్దు దాదాపు 3ను 40తో భాగించినంత, అంటే వేటల్లో 7.5 శాతం. సీజన్ మొత్తం మీద 30 వేటల్లో తాబేలు పడి ఉన్నా మీ సున్నాకు ఆశ్చర్యం లేదు. పశ్చిమ మధ్య పసిఫిక్‌లో ట్యూనా లాంగ్‌లైన్ (గాలాలు వరుసగా కట్టిన పొడవాటి తాడు) పడవలకు కనీస పరిశీలన 5 శాతం. అదే సముద్రంలో ఉష్ణమండల ట్యూనా రింగు వలల ఓడలకు 2010 నుంచి నూటికి నూరు, మధ్యలో కోవిడ్ వల్ల ఆగినా. తూర్పు పసిఫిక్‌లో డాల్ఫిన్ల చావులకు ఒక్కో ఓడకు పరిమితి ఉంది. 363 టన్నులకు మించి మోసే ప్రతి ఓడలో పరిశీలకుడు ఉంటాడు. ఓడవారీ పరిమితి అమలు చేయాలంటే అంచనా కుదరదు, లెక్కే కావాలి.

కొత్తకెరటం గారూ, డేటాలో పడవ పొడవు ఉంటే విడదీసి చూడండి.

కొత్తకెరటం (మంగళవారం, రాత్రి 9:15)

విడదీశాను. 20 మీటర్ల లోపు పడవల వేటలు 250, ఒడ్డుకు చేరింది 300 టన్నులు. పరిశీలించినవి 28 వేటలు, ఉంచుకున్నది 32 టన్నులు, పారబోత 1.2. పెద్ద పడవల వేటలు 150, ఒడ్డుకు చేరింది 700. పరిశీలించినవి 12, ఉంచుకున్నది 48, పారబోత 4.8.

చిన్న పడవలకు వేట పద్ధతిలో 10.7, నిష్పత్తితో 11.3. దాదాపు ఒకటే. పెద్దవాటికి 60, 70. కలిపితే 71, 81. రెండు అంచనాలూ మునుపటికన్నా పెరిగాయి, తేడా కొంత తగ్గింది. మిగిలిన తేడా దాదాపు అంతా పెద్ద పడవల్లోనే ఉంది. అక్కడ పరిశీలకుడున్న వేటలన్నీ 4 రోజులవే, లేనివి సగటున 5 రోజుల పైమాటే.

అంకెలబుట్ట (మంగళవారం, రాత్రి 9:40)

పెరగడానికి కారణం తెలుస్తోందా? ఎక్కువ పారబోసే పెద్ద పడవల్లో 8 శాతం వేటలనే చూశారు, చిన్నవాటిలో 11. విడదీయకముందు చిన్న పడవల గొంతు ఎక్కువ వినిపించింది. వేట నిడివి తగ్గడం వల్ల పట్టుబడి, పారబోత రెండూ ఒకే పాళ్లలో తగ్గి ఉంటే నిష్పత్తి ఆ తేడాను సర్దేస్తుంది. 81 తీసుకోవచ్చు.

చుక్కాని (మంగళవారం, రాత్రి 10:10)

ఒకే పాళ్లలో తగ్గవు. లెక్కల మనిషికి తెలియనిది ఇక్కడ ఒకటి ఉంది. వేటకు వెళ్లిన మొదటి రోజు ఐసు గది ఖాళీ. చిన్న చేప, పెద్ద చేప, ఏది పడినా లోపలికే. రోజులు గడిచి గది నిండుతుంటే చోటుకు విలువ వస్తుంది. మంచి ధర పలికే పెద్ద చేప పడితే, మొదట్లో ఉంచుకున్న చిన్నదాన్ని తీసి పారబోసేవాళ్లూ ఉన్నారు. కోటా బిగుతుగా ఉంటే ఇంకా ఎక్కువ. చివరి రోజు పారబోత మొదటి రోజుకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. నాలుగు రోజులకే వెనక్కి వచ్చిన వేటల్లో మీ పరిశీలకుడు ఆ అయిదో రోజును చూడనే లేదు.

అంకెలబుట్ట (మంగళవారం, రాత్రి 10:31)

చుక్కాని గారూ, ఈ ఒక్క మాట కోసమైనా ఈ చర్చ జరగాల్సిందే. కొత్తకెరటం గారూ, పెద్ద పడవల 12 వేటల్లోనూ పారబోతను వేట రోజుల వారీగా చూడండి. రోజురోజుకూ నిష్పత్తి పెరుగుతుంటే 81 తక్కువ అంచనా అన్నమాట. అప్పుడు రోజు సంఖ్యను బట్టి నిష్పత్తి మారేలా లెక్క కట్టాలి. అయిదో రోజు డేటా లేదు కాబట్టి అక్కడికి సాగదీయడం ఒక ఊహే. ఆ ఊహను నివేదికలో ఊహగానే చెప్పండి.

కొత్తకెరటం (బుధవారం, ఉదయం 8:45)

చూశాను. పెద్ద పడవల్లో నిష్పత్తి మొదటి రోజు 0.05 దగ్గర మొదలై నాలుగో రోజుకు 0.15 దాటింది. చిన్నవాటిలో అలాంటి పోకడ లేదు. ఇంకొక్క ప్రశ్న. ఇదే డేటాలో 10 మీటర్ల లోపు పడవలని వేరే పట్టిక ఉంది. 60 టన్నులు ఒడ్డుకు చేర్చాయి, పరిశీలన ఒక్కటి కూడా లేదు. వాటికి చిన్న పడవల నిష్పత్తే వేయనా?

ఉప్పునీరు (బుధవారం, ఉదయం 9:20)

ముందు వాళ్లు ఏ వల వాడతారో చూడండి. ఆ పరిమాణంలో చాలావరకు నిలువు వలలో, గాలాలో ఉంటాయి. ట్రాల్ నిష్పత్తి వాటికి అంటించడం కుదరదు.

అంకెలబుట్ట (బుధవారం, ఉదయం 9:34)

అవును. పట్టికలో ఆ వరుస ఉంచండి, ఒడ్డుకు చేరిన 60 టన్నులూ రాయండి, పారబోత గడిలో 'పరిశీలన లేదు' అని పెట్టండి. ఖాళీ వదిలితే తరువాత ఎవరో కూడేటప్పుడు అది సున్నా అయిపోతుంది. మిగతా రెండు వర్గాలకు వేటలను తిరిగి ఎంచే బూట్‌స్ట్రాప్ వేరువేరుగా నడపండి. 12 వేటలతో హద్దులు వెడల్పుగా వస్తాయి. కంగారుపడి వర్గాలు కలిపేయకండి.

కొత్తకెరటం (బుధవారం, ఉదయం 9:50)

సరేనండి. వలల వివరం అదే ఫైలులో మరో పట్టికలో ఉన్నట్లుంది. చూసి, హద్దులతో సహా రాత్రికి ఇక్కడే పెడతాను.